పన్నెండు కొండలు, నాలుగు దిక్కులు

ఈ నెల ఒక చిన్న తగాదా గురించి రాస్తాను. డబ్బు తగాదా కాదు, పిల్లల తగాదా అంతకన్నా కాదు. 12 లోహపు బిళ్లలకి ఏ కొండల పేర్లు పెట్టాలన్నది. వినడానికి నవ్వులాటగానే ఉంటుంది గానీ, రెండు వారాల పాటు మా ఇంట్లో అన్నాల దగ్గర ఇదే మాట. పేరు పెట్టడంలో కూడా న్యాయం, అన్యాయం ఉంటాయని నాకు అప్పుడే బాగా అర్థమైంది.

జియోకాషింగ్ తెలియని వాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌లో తాను కావాలని కలుపుతూ వచ్చిన తేడాని తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకు తప్పు చూపించే యంత్రం ఒక్కసారిగా కొద్ది మీటర్ల దూరంలోకి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. మే 3న ఆరెగాన్‌లో ఒకాయన అడవిలో బకెట్ దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. దొంగాట పెద్దవాళ్ల ఆటగా మారిన రోజు అది. ఇప్పుడు మీరుండే ఊళ్లో, పిల్లల్ని తీసుకెళ్లే పార్కులో కూడా ఎక్కడో ఒక డబ్బా దాచి ఉండే అవకాశం ఎక్కువ. ఫోన్‌లో యాప్ ఉంటే చాలు, పిల్లలతో వెళ్లి వెతుక్కోవచ్చు. డబ్బా తెరిచి, లోపలి కాగితంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేయాలి.

కొన్ని డబ్బాల్లో ట్రాకబుల్స్ అనే బిళ్లలు ఉంటాయి. ట్రావెల్ బగ్ అంటే మెడలో వేసుకునే బిళ్ల లాంటి లోహపు ముక్క. జియోకాయిన్ అంటే అందంగా పోత పోసిన నాణెం. ప్రతి దాని మీద వేరే వేరే కోడ్ ఉంటుంది. దొరికినవాళ్లు దాన్ని ఉంచేసుకోకూడదు, ఇంకో డబ్బాలోకి చేర్చాలి. కోడ్ నమోదు చేస్తే ఆ బిళ్ల ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లింది, ఎన్ని మైళ్లు తిరిగింది అన్నీ కనిపిస్తాయి. దాన్ని వదిలినవాళ్లు ఒక గమ్యం కూడా రాయొచ్చు: "నన్ను సముద్రం దగ్గరికి చేర్చండి" అని. ఈ గమ్యం సంగతి గుర్తుపెట్టుకోండి, మా తగాదాకి మూలం అదే.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. చూసినంత దూరం చదును నేల, మొక్కజొన్న, సోయాబీన్. ఇక్కడ వారాంతాల్లో కలిసి కాష్‌లు వెతికే పది పదిహేను కుటుంబాలం ఉన్నాం. అందులో మా తెలుగువాళ్లం నాలుగిళ్లు. సంఘం, రిజిస్ట్రేషన్ లాంటివేమీ లేవు, ఒక వాట్సాప్ గ్రూపు, నెలకోసారి తలా ఒక వంటకం తెచ్చుకునే భోజనం, అంతే. ఈసారి 12 బిళ్లలు కొని, ఒక్కోదానికి కొండ బొమ్మ చెక్కిన చెక్క ముక్క తగిలించి, "అమెరికా కొండలు" అనే పేరుతో వదలాలనుకున్నాం. ఏ కొండ పేరు పెడితే ఆ కొండ దగ్గరికి చేరడమే ఆ బిళ్ల గమ్యం.

మొదటి జాబితా వచ్చింది. ఎత్తు ప్రకారం పైనుంచి రాసుకుంటూ వచ్చారు. మొదటి పది పేర్లూ అలాస్కావే! తప్పేం లేదు, లెక్క అదే చెప్తుంది. దేశంలో పది ఎత్తైన శిఖరాలూ అక్కడే ఉన్నాయి, అన్నిటికన్నా పైన 20,310 అడుగుల డెనాలి. "అలాస్కాకి ఎవరు వెళ్తారు, దాన్ని తీసేద్దాం" అన్నారు ఒకరు. అలాస్కా తీసేస్తే ఏమవుతుంది? కింది 48 రాష్ట్రాల్లో 14,000 అడుగులు దాటిన కొండలన్నీ మూడే రాష్ట్రాల్లో ఉన్నాయి: కొలరాడో, కాలిఫోర్నియా, వాషింగ్టన్. ఒక్క కొలరాడోలోనే యాభైకి పైగా. రెండో జాబితా ఆ మూడు రాష్ట్రాలతో నిండిపోయింది.

మా గ్రూపులో వెస్ట్ వర్జీనియాలో పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ ఉన్నారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. జాబితా చూసి, "అంటే మా ఊళ్లో మేం ఎక్కినవి కొండలు కావన్నమాట" అని ఊరుకున్నారు. వాళ్ల రాష్ట్రాన్ని అందరూ పిలిచేదే పర్వతాల రాష్ట్రమని! ఆ పక్కనే మా తొమ్మిదేళ్ల అమ్మాయి, "అమ్మా, మన ఒహాయోకి ఒక్క కొండ కూడా లేదా?" అని అడిగింది.

నేను ఫిజిక్స్ చదివినదాన్ని. కొలత అనగానే "దేన్నుంచి దేనికి?" అని అడగడం అలవాటు. ఎత్తు అనేది కూడా ఒక ఎంపికే. సముద్ర మట్టం నుంచి కొలిస్తే ప్రపంచంలో ఎవరెస్టు మొదటిది. భూమి మధ్య నుంచి కొలిస్తే ఈక్వడార్‌లోని చింబొరాజో శిఖరం ముందుంటుంది, ఎందుకంటే భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. సముద్రం అడుగున మొదలు నుంచి కొన దాకా కొలిస్తే హవాయిలోని మౌనా కియా 33,000 అడుగులు దాటుతుంది, నీళ్లపైన కనిపించేది 13,803 అడుగులే. వయసు లెక్క తీస్తే అపలాచియన్ కొండలు రాకీ పర్వతాలకన్నా ఎన్నో కోట్ల ఏళ్లు పెద్దవి. అరిగి అరిగి పొట్టివయ్యాయి, అంతే. ఇంట్లో పెద్దావిడ నడుము వంగిందని ఆవిడని జాబితాలోంచి తీసేస్తామా?

గాలి లెక్క తీస్తే? న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 6,288 అడుగులే. కానీ 1934 ఏప్రిల్‌లో అక్కడ గంటకి 231 మైళ్ల వేగంతో వీచిన గాలి ఆరు దశాబ్దాల పాటు ప్రపంచ రికార్డు. ఎత్తు జాబితాలో దానికి చోటే దొరకదు.

అయితే అవతలివాళ్ల మాటలోనూ నిజం ఉంది. "కొండల జాబితా అన్నాక కొండలే ఉండాలి కదా, రాష్ట్రానికొకటి అంటే ఫ్లోరిడాలో బ్రిటన్ హిల్ పెట్టాలి, అది 345 అడుగులు" అన్నారు ఒకాయన. నిజమే, దాన్ని కొండ అంటే మన తిరుపతి వాళ్లు నవ్వుతారు. అందరికీ సమానంగా పంచాలని మాటకి అర్థమే లేకుండా చేస్తే అది కూడా బాగుండదు.

నాకు తోచింది ఇది. తప్పు ఎత్తు ప్రకారం ఎంచడంలో లేదు. "అత్యంత ఎత్తైన 12" అని పేరు పెట్టి అలాస్కా కొండలు పెడితే ఎవరికీ ఫిర్యాదు ఉండదు. "అమెరికా కొండలు" అని దేశమంతటి పేరు పెట్టి, లోపల ఒక మూల సరుకే నింపితే అది అన్యాయం. పైన చీటీ ఒకటి, డబ్బాలో పప్పు ఒకటి అయినట్టు. పైగా ఇవి గోడకి తగిలించే బొమ్మలు కావు, ప్రయాణం చేసే బిళ్లలు. పేరే గమ్యం. పన్నెండూ పడమటి కొండలే అయితే పన్నెండూ ఒకే దారిన పోతాయి. మెయిన్‌లోనో, టెక్సాస్‌లోనో, మిన్నెసోటాలోనో ఉన్న పిల్లలకి "ఈ బిళ్ల మన కొండకే వస్తోంది, మనమే చేరుద్దాం" అనుకునే భాగ్యం ఉండదు.

అందుకని ఒక లెక్క చెప్పాను. అమెరికా జనాభా లెక్కలవాళ్లు దేశాన్ని నాలుగు భాగాలు చేశారు: ఈశాన్యం 9 రాష్ట్రాలు, మధ్య పశ్చిమం 12, దక్షిణం 16, పశ్చిమం 13. దక్షిణంలో రాజధాని వాషింగ్టన్ డీసీ అదనం. భాగానికి మూడు చొప్పున 12. ఏ మూడన్నది ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లే ముందు చెప్పాలి.

ఈశాన్యానికి మౌంట్ వాషింగ్టన్, న్యూయార్క్ మౌంట్ మార్సీ, మెయిన్‌లోని కటాడిన్ వచ్చాయి. అపలాచియన్ ట్రెయిల్ ఉత్తరాన ముగిసేది కటాడిన్ మీదే. దక్షిణానికి మిసిసిపీ నదికి తూర్పున అన్నిటికన్నా ఎత్తైన మౌంట్ మిచెల్ (6,684 అడుగులు), టెక్సాస్ గ్వాడలూపే పీక్, మా పెద్దావిడ అడిగిన వెస్ట్ వర్జీనియా స్ప్రూస్ నాబ్. మధ్య పశ్చిమానికి సౌత్ డకోటా బ్లాక్ ఎల్క్ పీక్, మిన్నెసోటా ఈగిల్ మౌంటెన్, మా ఒహాయో క్యాంప్‌బెల్ హిల్. దీని ఎత్తు 1,550 అడుగులు, పైన వృత్తి విద్యల స్కూలు ఉంటుంది, కారులోనే కొన దాకా వెళ్లొచ్చు. మా అమ్మాయి సంబరం చూడాలి!

పశ్చిమానికి మాత్రం కష్టమైంది. డెనాలి, కొలరాడో మౌంట్ ఎల్బర్ట్, మౌనా కియా అని తేలింది. రేనియర్ లేదు, విట్నీ లేదు. మా గ్రూపులో వాషింగ్టన్ వాళ్లు గానీ కాలిఫోర్నియా వాళ్లు గానీ లేరు, అడిగే దిక్కు లేదు. ఎదురుగా లేనివాళ్ల వాటా కోసెయ్యడం ఎంత తేలికో అప్పుడు చూశాను. అందుకే వచ్చే ఏడు ఇంకో 12 చేస్తే ముందు పేరు రేనియర్‌దేనని గ్రూపులో అందరి ముందూ రాయించాను.

ఏ పేరు రాయాలన్నది ఇంకో చిక్కు. డెనాలి అక్కడి మూలవాసుల మాట. 1917లో ప్రభుత్వం దానికి మెకిన్లీ అని ఒక అధ్యక్షుడి పేరు ఖాయం చేసింది, 2015లో మళ్లీ డెనాలి అంది, 2025లో మళ్లీ మెకిన్లీ అంది. అలాస్కా వాళ్లు మాత్రం ఎన్నో ఏళ్లుగా డెనాలి అనే అడుగుతున్నారు. రేనియర్ అసలు పేరు తహోమా అంటారు. సౌత్ డకోటా శిఖరానికి బ్లాక్ ఎల్క్ అనే లకోటా పెద్దాయన పేరు 2016లో వచ్చింది, అంతకు ముందు అది ఒక సైన్యాధికారి పేరు. కొండ కింద బతికేవాళ్లు పిలిచే పేరే బిళ్ల మీద ఉండాలని నా వాదన. ఇందులో నా సొంత పక్షపాతం కూడా ఉంది. మాది మదనపల్లె. మా హార్స్‌లీ హిల్స్‌కి ఆ పేరు తెల్లదొరల కాలంలో కలెక్టరుగా పనిచేసిన ఒకాయనది. అంతకు ముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల కథ మా అవ్వ చెప్పేది.

ఇంతలో మా తెలుగు ఇళ్లవాళ్లకి మనకీ ఒక చిన్న సెట్ ఉంటే బాగుంటుంది కదా అనిపించింది. నాలుగు చాలు అనుకున్నాం. విజయవాడ అమ్మాయి టకటకా చెప్పేసింది: తిరుమల, శ్రీశైలం, సింహాచలం, అన్నవరం. మా కరీంనగర్ అక్క నవ్వుతూనే అడిగింది, "గుట్టలు మాకు లేవా చెల్లె? నాలుగింట్ల ఒక్కటన్న మా దిక్కుది ఉండొద్దా?" అని. అమెరికా జాబితాలో జరిగిందే మా వంటింట్లో మళ్లీ జరుగుతోంది, అదీ అయిదు నిమిషాల్లో.

అప్పుడే మా అత్తగారు అందుకున్నారు. "ఏడుకొండలవాడి కొండ పేరు పెట్టి చెట్టు తొర్రలో పడేస్తారా? ఎవరి కాళ్ల కింద పడుతుందో ఏమో!" అన్నారు. కాదనే మాటేముంది? గుడి ఉన్న కొండలు వద్దనుకున్నాం. ఉత్తరాంధ్రకి అరకు దారిలోని గాలికొండ, కోస్తాకి బొమ్మల కొండపల్లి, రాయలసీమకి మా ఏనుగు మల్లమ్మ కొండ, తెలంగాణకి మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలు. గుట్టలు అన్న మాట మార్చకుండా అలాగే చెక్కాలని అక్క మరీ మరీ చెప్పింది. అనంతగిరిలోనూ గుడి ఉంది కదా అంటే, "గుడి పేరు పెడ్తలేం, గుట్టల పేరు పెడ్తున్నం" అంది. అత్తగారు ఒప్పుకున్నారు.

ఆవిడ మాట అమెరికా జాబితాకీ పనికొచ్చింది. మౌనా కియా హవాయి మూలవాసులకి పవిత్రం. దానిమీద పెద్ద టెలిస్కోప్ కట్టొద్దని 2019లో ఎంతమంది దారికి అడ్డంగా కూర్చున్నారో వార్తల్లో చూశాం. బ్లాక్ ఎల్క్ శిఖరం లకోటా వాళ్లకి అంతే. మన కొండకి ఒక మర్యాద, వాళ్ల కొండకి ఇంకోటా? కాబట్టి ఏ బిళ్ల గమ్యమూ శిఖరం కాదు, కొండ కింది ఊరు అని రాశాం. నేషనల్ పార్కుల్లో డబ్బాలు దాచడానికి మామూలుగా ఒప్పుకోరు కాబట్టి ఆ రకంగా కూడా ఇదే మంచిది.

వేరే దేశాల్లో ఉన్నవాళ్లకీ ఈ లెక్క పనికొస్తుంది. బ్రిటన్‌లో త్రీ పీక్స్ అని ఎక్కుతారు కదా: బెన్ నెవిస్, స్కాఫెల్ పైక్, స్నోడన్. ఉత్తర ఐర్లాండ్‌ స్లీవ్ డొనార్డ్ అందులో లేదు. మూడోదాన్ని వెల్ష్ వాళ్లు ఎర్ విద్వా అంటారు, అక్కడి పార్కువాళ్లు 2022 నుంచి ఆ పేరే వాడాలని నిర్ణయించారు. మలేషియాలో ఎత్తు ఒక్కటే చూస్తే 4,095 మీటర్ల కినబాలు ఉన్న సబాదే పైచేయి. దక్షిణాఫ్రికాలో అందరి నోటా టేబుల్ మౌంటెనే, అంతకు మూడింతలు దాటిన మఫాడి పేరు ఎంతమందికి తెలుసు?

మీరు ఏదైనా సెట్‌కి పేర్లు పెట్టేటప్పుడు, అది బిళ్లలే కానివ్వండి, తెలుగు బడిలో పిల్లల జట్లకే కానివ్వండి, మూడు ప్రశ్నలు అడగండి. పైన రాసిన పేరుకి లోపలి జాబితా సరిపోతోందా? ఆ చోటివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు? ఈ గదిలో లేనివాళ్లెవరు?

మా మొదటి బిళ్ల స్ప్రూస్ నాబ్‌ది. పోయిన శనివారం పెద్దావిడ చేతుల మీదుగా డబ్బాలోకి వెళ్లింది. మీరున్న చోట ఎత్తైన కొండ ఏది, అక్కడివాళ్లు దాన్ని ఏమంటారు? రాయండి, వచ్చే నెల ఆ పేర్లతోనే మొదలుపెడదాం.