పైనా కిందా కొట్టివేస్తే లెక్క కుదరదు

జమ్మికుంట మార్కెట్‌ యార్డుకు పత్తి తెచ్చే రైతుకు బీజగణితంతో పనేమిటని అడిగేవారున్నారు. పని ఉంది. ట్రాలీ కిరాయి 1,200 రూపాయలు, హమాలీ కూలి క్వింటాలుకు 20 రూపాయలు అనుకుందాం. పత్తి ఎన్ని క్వింటాళ్లో తూకం అయితే గాని తెలియదు. దాన్ని ‘ఎక్స్‌’ అందాం. క్వింటాలుకు ఖర్చెంత? 1,200కు 20 ఎక్స్‌లు కలిపి, మొత్తాన్ని ఎక్స్‌తో భాగించాలి.

తొమ్మిది, పది తరగతుల పిల్లలు చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. లవంలో ఒక ఎక్స్‌, హారంలో ఒక ఎక్స్‌ కనబడగానే రెండూ కొట్టివేసి 1,220 అని రాస్తారు. 10 క్వింటాళ్లకు చూడండి: మొత్తం 1,400, క్వింటాలుకు 140. నిజంగా 1,220 పడేటట్లయితే పత్తిని ఏరకుండా చేలోనే వదిలేయడం మేలు!

హారం లవంలోని ప్రతి పదాన్నీ భాగించాలి. ఎక్స్‌తో భాగించిన 1,200కు 20 కలపాలి, అంతే. ఇలా విడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. హమాలీ 20 మారదు. కిరాయి భాగం మాత్రం బరువు పెరిగినకొద్దీ తగ్గుతుంది. 20 క్వింటాళ్లయితే క్వింటాలుకు 80 రూపాయలే. ఇద్దరు రైతులు ఒకే ట్రాలీలో పత్తి వేసుకు రావడంలోని లాభం ఇదే. లవమంతా ఎక్స్‌తో గుణించి ఉన్నప్పుడే కొట్టివేత చెల్లుతుంది. కూడికలో ఉన్న ఎక్స్‌కు చెల్లదు.

హారం సున్న కారాదు. పత్తే తేనప్పుడు క్వింటాలుకు ఖర్చెంత అన్న ప్రశ్నే లేదు. ఈ చిక్కు పెద్దలనూ బోల్తా కొట్టించింది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’లో భిన్నాల హారాలకు క.సా.గు. కట్టే పద్ధతి చెప్పాడు. సున్నతో భాగిస్తే సంఖ్య మారదనీ రాశాడు. మొదటిది నేటికీ నిలిచింది, రెండోది నిలవలేదు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. అంత పాత గణితం ఉన్న భాషలో పిల్లలు ‘కొట్టెయ్‌’ అన్న ఒక్క మాటతో గట్టెక్కాలనుకోవడం శోచనీయం.

ఉపాధ్యాయులకు విజ్ఞప్తి. కొట్టివేత గీత గీసే ముందు ఎక్స్‌కు ఒక అంకె వేసి సరిచూడడం నేర్పండి. ఒకటి మాత్రం వేయకండి. ఒకటి వేస్తే పై తప్పు లెక్క కూడా సరిపోయినట్లే కనిపిస్తుంది. తల్లిదండ్రులు పత్తి అమ్మి వచ్చిన రోజున తక్‌పట్టీ పిల్లల చేతికిచ్చి, కిరాయి ఎంతయిందో చెప్పి, క్వింటాలుకు ఎంత పడిందో కట్టమనండి.