బందరులో వానరోజు

వాన వల్ల మన కళాశాల విహారయాత్ర చెడిపోయిందని తోటి అధ్యాపకులు కొందరు ఇప్పటికీ అంటూ ఉంటారు. నేను అంగీకరించను. ఎండ కాసి ఉంటే మేము బందరును చూచి ఉండేవారమే గాని, ఎరిగి ఉండేవారము కాము.

"సముద్రంతో మనకేమి పని సార్?" అని బయలుదేరకముందే ఒక విద్యార్థి అడిగాడు. జనగామ వంటి మెట్టప్రాంతంలో పుట్టినవానికి ఆ సందేహం సహజమే. కాని మన భూపాలపల్లి దాపున ఉన్న ఘనపురం కోటగుళ్లు ఏ గణపతిదేవుని కాలం నాటివో, ఆ ప్రభువే 1244లో సముద్రతీరాన మోటుపల్లిలో నావికులకు అభయశాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును కాజేయబోమని, నిర్ణీత సుంకం మాత్రమే గ్రహిస్తామని అందులోని హామీ. ఓరుగల్లును ఏలినవానికి సముద్రంతో పని ఉండగా మనకు లేకపోవడమేమిటి?

జనగామలో రైలెక్కి, మహబూబాబాదు మీదుగా బెజవాడ చేరి, అక్కడినుండి బస్సులో మచిలీపట్నం వెళ్లేసరికి జల్లు కాస్తా కుంభవృష్టి అయింది. ఆ ప్రాంతపు ప్రజల నోట ఆ ఊరు బందరే. ఫారసీలోను, ఉర్దూలోను బందర్ అంటే రేవు. "ఇది మా మాటే సార్" అని ఉర్దూ విద్యార్థి మురిసిపోగా, "మరి బందరు లడ్డు ఎవరిది?" అని తెలుగు విద్యార్థి నిలదీశాడు. ఉర్దూలో కోతిని కూడా బందర్ అంటారని మూడవవాడు గుర్తుచేయడంతో తగవు నవ్వులలో ముగిసింది.

గోల్కొండ సుల్తానులకు ఇది ప్రధానమైన రేవు. 1605లో డచ్చివారిని, 1611లో ఆంగ్లేయులను ఇక్కడికి రప్పించినది ముఖ్యంగా ఇక్కడి బట్టల వర్తకమే. గొడుగులు పట్టుకొని డచ్చివారి సమాధులు చూచాము. రాతిపలకలపై పేర్లు, వంశచిహ్నాలు శ్రద్ధగా చెక్కి ఉన్నాయి. 1864 నవంబరు 1న తుపానుతో వచ్చిన ఉప్పెన ఈ ప్రాంతంలో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొంది. వారి పేర్లు చెక్కిన పలక ఏదీ మా కంటబడలేదు. ఆ ఓడలకెక్కిన బట్టలకు రంగులద్దినవారి పేర్లు ఇక చెప్పనే అక్కరలేదు.

అందుకే పెడన చూడనిదే తిరిగి వెళ్లరాదని పట్టుబట్టాను. కలంకారీ అన్న మాట ఫారసీదే, పని మాత్రం తెలుగు చేతులది. బట్టను కరక్కాయ రసంలోను, గేదెపాలలోను తడిపి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి నల్లరంగు తీస్తారు. పటికను చెక్క అచ్చులతో అద్దినచోట ఉడకబెట్టినప్పుడు ఎరుపు పడుతుంది. మధ్యమధ్య ఉతకాలి, మళ్లీ ఆరవేయాలి. అంటే అడుగడుగునా ఎండ కావాలి.

మేము వెళ్లేసరికి అచ్చులు గోడవారగా పేర్చి ఉన్నాయి, బల్లలు ఖాళీ. అంతవరకు వానలో కేరింతలు కొడుతూ వచ్చిన మా పిల్లలను చూచి పెద్దాయన ఒకరు, "ఎండ లేకపోతే అద్దకం లేదండీ. అద్దకం లేని రోజు కూలీ లేదండీ" అన్నారు. కేరింతలు ఆగిపోయాయి.

కట్టడాలను చూపి తీసుకొనివచ్చే యాత్ర సగం యాత్రే అని నా అభిప్రాయం. పని జరిగే చోట, పని ఆగిపోయిన చోట కూడా, విద్యార్థి ఒక పూట నిలబడాలి. వచ్చే సంవత్సరం మాఘమాసంలో మళ్లీ పెడనకే వెళదామని ప్రిన్సిపాలుగారికి అర్జీ పెట్టుకొన్నాను. అప్పటికి అక్కడ బట్టలు ఆరుతూ ఉంటాయి.