వడియు వేగమును

తెలుగున శాస్త్రము చెప్ప వీలుకాదనువారు తరచుగా చూపు నిదర్శన మొకటి కలదు. ఇంగ్లీషున స్పీడు వేరు, వెలాసిటీ వేరు. మనకు రెంటికిని వేగ మొక్కటియే దిక్కు. ఇంతమాత్రపు భేదము నెరుగని భాషలో భౌతికశాస్త్ర మెట్లు బోధింతురని వారి యాక్షేపణ. ఖానాపూరు ప్రాంతమున పిల్లల చదువు మాట వచ్చినప్పుడెల్ల దీనిని మేము వినుచున్నాము. చెప్పువారు చదువుకొన్నవారు, వినువారు తలయూపువారు. కావుననే దీనికి సమాధానము చెప్పక తప్పదు.

మొదట ఇంగ్లీషు సంగతియే చూతము. ప్రాచీనాంగ్లమున స్పీడనగా వడి మాత్రమే కాదు. అభ్యుదయము, కార్యసాఫల్యము అనియే ముఖ్యార్థము. ప్రయాణమగువారికి చెప్పు వారి దీవెనలో ఆ పాత యర్థము నేటికిని నిలిచియున్నది. వెలాసిటీ లాటినునుండి దిగుమతియైన మాట. శీఘ్రత యని దాని యర్థము. దిక్కుతో కూడినది వెలాసిటీ, దిక్కుతో పనిలేనిది స్పీడు అను కట్టుబాటు 19వ శతాబ్దిలో భౌతికశాస్త్రజ్ఞులు తమ పనికై చేసికొన్నది. న్యూటను 1687లో తన మహాగ్రంథమును ప్రకటించినది లాటినున. నాటి పండితులకు శాస్త్రభాష ఇంగ్లీషు కాదు. ఇక బజారులో బేరమాడు ఆంగ్లేయుడు నేటికిని ఈ రెండు మాటలకు భేదము పాటింపడు. ఆ భాష పుట్టుకతోడనే సూక్ష్మమైనదను భ్రమ మనవారికే కాని వారికి లేదు.

తెలుగున మాత్రము ఇట్టి కట్టుబాటు లేదా? కలదు. మన పాఠ్యపుస్తకములలో స్పీడునకు వడి యనియు, వెలాసిటీకి వేగమనియు ఏనాడో స్థిరపరచిరి. నిఘంటువున ఇవి రెండును పర్యాయపదములే, శాస్త్రమున వేరుపరచిరి. ఇంగ్లీషువారు చేసినదియు ఇదియే గదా! (నూలు పేటకు వడి యందురు, పద్యమున ఆగవలసిన యతికిని వడి యందురు, అంత బరువు మోసిన మాట ఇంకొక్క యర్థమును మోయలేకపోదు.) పైపెచ్చు వడిని అదిశరాశి యనియు, వేగమును సదిశరాశి యనియు చెప్పుచున్నారు. దిక్కు లేనిది అదిశ, దిక్కు గలది సదిశ, మాటలోనే అర్థమున్నది. ఇంగ్లీషున వీనికి స్కేలారు, వెక్టారని పేర్లు. నిచ్చెన యను లాటిను మాటనుండి ఒకటియు, మోయువాడను మాటనుండి మరియొకటియు వచ్చినవని ఏ బాలునికి తోచును?

ఈ సీమలో ఇంకొక ముచ్చట కూడ జ్ఞాపకము చేయవలెను. ఖానాపూరు 1948 వరకు నిజాం రాజ్యములోనిది. ఆ రాజ్యమున 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయము, అనువాదశాఖ నొకదానిని నడపి, శాస్త్రములను ఉర్దూలో బోధించెను. తెలుగు బిడ్డకు తన భాష దక్కకపోవుట ఆనాటి అన్యాయము. ఐనను దేశభాషలో శాస్త్రము సాగునని ఋజువైనదియు నక్కడనే. తరువాత 1968లో తెలుగు అకాడమీ యేర్పడి కళాశాలలకు తెలుగు పుస్తకములు సమకూర్చెను. ఇంత జరిగిన పిమ్మటను మన భాషకు మాటలు లేవనువారు పుస్తకము తెరచి చూడలేదని చెప్పవలసియున్నది.

అయితే తప్పంతయు వారిదే యనము. మాటలు చేసినవారు మాటలు చేసి యూరకుండిరి. బడిలో ఏమి జరుగుచున్నది? వడి అదిశరాశి, వేగము సదిశరాశి యని వల్లెవేయించుచున్నారు. ఒక మార్కు వచ్చుచున్నది. పరీక్ష ముగిసిన మరునాడు రెండును స్పీడే యగుచున్నవి. ఇంటనున్న దృష్టాంతమును బడిలోనికి రానిచ్చిన ఈ గతి పట్టదు. గానుగెద్దును చూడుడు. ఉదయమునుండి సాయంకాలము వరకు నడచి, కట్టిన చోటనే విప్పబడును. అది నడచిన దూరము కొంత కలదు, కావున వడి కలదు. బయలుదేరిన చోటికే చేరినది గావున దినమంతటి సగటు వేగము సున్న. ఖానాపూరునుండి నిర్మలు పోయి తిరిగివచ్చిన బస్సుకును ఇదియే లెక్క.

మరి గోదావరి యున్నది. ఈ ప్రాంతమున ఉత్తరపు గట్టు మనది, దక్షిణపు గట్టు పూర్వపు కరీంనగరము, నేటి జగిత్యాల జిల్లా. నది గంటకు 3 కిలోమీటర్ల చొప్పున తూర్పునకు పారుచుండగా, పడవవాడు గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నేరుగా దక్షిణమునకు తెడ్డు వేసెననుకొందము. పడవ సాగునది 7 కాదు, 5 కిలోమీటర్ల చొప్పున. అదియు ఏటవాలుగా ఆగ్నేయమునకు. ఎదుటి రేవునకే చేరవలెనన్న పడవ ముక్కును ఎగువకు త్రిప్పవలెను. ఈ యుపాయము అక్షరము రాని పడవవానికి తెలియును. నాలుగును మూడును ఏడనుటకు అలవాటుపడిన మన విద్యార్థికి తెలియదు. సదిశరాశుల సంకలనమను పెద్ద పేరుతో పుస్తకమున నున్నది ఈ పడవయే యని చెప్పువారెవరు?

చెప్పదగినవారు ఇంటనే యున్నారు. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును విస్తరింపజేసినప్పుడు, ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా ద్విభాషా పుస్తకములను తెచ్చిరి. ఇంగ్లీషు నేర్పుటను మేము నిరసింపము, నేర్పవలసినదే. కాని ఆ తెలుగు పుట తల్లి చదువగల పుట. దానిని దాటి పొమ్మని బిడ్డకు చెప్పుట, తల్లిని చదువు గదినుండి వెలుపలికి పంపుట కాదా? స్త్రీవిద్యకై ఒక శతాబ్దికి పైగా పాటుపడిన జాతి, చదువు నేర్చిన తల్లిని మరల ఇట్లు మూగదానిని చేయుట మాకు సహింపరాని సంగతి. వడియన నేమి, వేగమన నేమి యని ఆమె వంటయింటినుండి యడిగిన ప్రశ్నకు బిడ్డ తెలుగున జవాబు చెప్పలేకపోయెనా, వానికి ఇంగ్లీషునను తెలియదనియే మా యభిప్రాయము.

ఇది బడిగోడలతో ముగియు తగవు కాదు. 2022 జూలైలో కడెము జలాశయమునకు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చెను. గేట్లు విడువగలది 3 లక్షలు. దిగువ గ్రామముల ప్రజలను తరలింపవలసివచ్చెను. అప్పుడు అందరి నోటను క్యూసెక్కులే. క్యూసెక్కనగా క్షణమునకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్ల నీరు; అది నీటి మొత్తమును చెప్పును గాని వడిని చెప్పదు, దిక్కును చెప్పదు. ఆ నీరే ఇరుకు దారిని ఉరుకును, విశాలమైన చోట మెల్లగా ప్రాకును. గట్టునున్న కాపునకు కావలసినది వేరు: గేటు దాటిన నీరు తన యూరి పొలిమేరకు ఎన్ని గంటలకు చేరును, చేరి ఏ వైపునకు మళ్ళును? మొదటిది వడి చెప్పును, రెండవది వేగము చెప్పును. ఈ రెండు ప్రశ్నలకు తెలుగున జవాబిచ్చు వరద ప్రకటనను, వాన కాలమునకు ముందే, ప్రతి పంచాయతీ గోడమీదను అంటింపవలెనని అధికారులను అడుగుచున్నాము.