టూలెట్ బోర్డుకి అటువైపు

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మేం అద్దె ఇళ్లలోనే ఉన్నాం. మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న ఓ కాగితం నా ముందు పెట్టి, "ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, ఈ లెక్క కాస్త చూడరా" అన్నారు.

మేడ్చల్ వైపు 150 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు. కింద రెండు పోర్షన్లు, పైన రెండు. 90 లక్షలు చెబుతున్నారు. ఒక్కో పోర్షన్‌కి 8,000 అద్దె వస్తోందట. "నెలకి 32,000! రిటైరయ్యాక కూర్చుని తినొచ్చు" అని నాన్న ధీమా.

లెక్క వేశాను. రిటైర్‌మెంట్ డబ్బు 40 లక్షలు పెడితే, ఇంకో 50 లక్షలు లోన్. 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే ఈఎంఐ దాదాపు 45,000. వచ్చేది 32,000. అదీ అన్ని పోర్షన్లూ ఏడాది పొడుగునా నిండి ఉంటేనే. ఒక్కోటి ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఏడాదికి 32,000 పోయినట్టే. ఇంటి పన్ను, రంగులు, కాలిపోయే బోరు మోటారు అన్నీ ఓనర్ నెత్తినే. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆరేడు లక్షలు వేరే. ఇవన్నీ కలిపితే పెట్టుబడి మీద చేతికొచ్చేది మూడున్నర శాతం కూడా లేదు. బ్యాంకుకి కట్టేది మాత్రం 9.

"స్థలం రేటు పెరుగుతుంది కదరా!" పెరగొచ్చు నాన్నా. కానీ పెరిగిన రేటుతో ఈ నెల ఈఎంఐ కట్టలేం కదా, ఇల్లు అమ్మితే తప్ప.

మరి ఆ తేడా ఎవరు కడతారు? రిటైరయ్యే మనిషికి 20 ఏళ్ల లోన్ రాదు. అందుకని అక్క పేరు మీద తీసుకుందామన్నారు. అక్కకి ఇప్పుడు 26. అంటే 46 వచ్చేదాకా నెలకి 13,000 తన జీతంలోంచి. వంటింట్లోంచి అన్నీ వింటున్న అక్క ఏమీ అనలేదు. ఆ కాగితంలో లేని ఖర్చు అదే అనిపించింది నాకు.

అలాగని కొనొద్దని నేననను. అద్దెల కోసం కొనే మొదటి ఇల్లు మనం కూడా ఉండే ఇల్లయితే మంచిదని నా అభిప్రాయం. మేమిప్పుడు 12,000 అద్దె కడుతున్నాం. అక్కడే పైన ఒక పోర్షన్‌లో సర్దుకుంటే ఆ 12,000 మిగులుతుంది, మిగతా మూడింటి అద్దె 24,000 వస్తుంది. తేడా 9,000కి దిగుతుంది. అది నాన్న పెన్షన్‌లోంచి కట్టొచ్చు. ఇల్లు కాస్త ఇరుకే. కానీ మోటారు ఆగితే మనకే ముందు తెలుస్తుంది. రీల్స్‌లో చెప్పే ప్యాసివ్ ఇన్‌కమ్ కాదిది, రిటైరయ్యాక చేసే ఇంకో ఉద్యోగం.

అడ్వాన్స్ ఇచ్చేముందు చూడాల్సినవి కూడా రాసిచ్చాను: 30 ఏళ్ల ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, పై అంతస్తుకి పర్మిషన్ ఉందా, పోర్షన్‌కో కరెంటు మీటరు ఉందా. నాలుగిళ్లకీ ఒకటే మీటరైతే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి పోతాయి. ఇక ప్రతి నెలా బిల్లు దగ్గర పంచాయితీనే.

చివర్లో నాన్న, "ఫ్యామిలీలకే ఇద్దాం, బ్యాచిలర్స్ వద్దు" అన్నారు. ఎనిమిదిళ్లు తిరిగి, అందరితో "బ్యాచిలర్సా? ఇవ్వం" అనిపించుకుని, తొమ్మిదో ఇంట్లో రూమ్ దొరికినవాణ్ణి నేను. మీలో చాలామందికి ఆ అనుభవం ఉండే ఉంటుంది. "నాన్నా, నేనూ బ్యాచిలర్‌నే. పైగా పోర్షన్ ఒక నెల ఖాళీగా ఉంటే 8,000 పోతుంది" అన్నాను. నాన్న నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

నిన్న ఫోన్ చేశారు. ఈసీకి అప్లై చేశారట. లోన్ గురించి ముందు అక్కని అడుగుతానన్నారు.