కారుకు అద్దె ఇల్లు



పిల్లల చదువుల గురించి, పెండ్లి సంబంధాల గురించి, అత్తాకోడండ్ల మాటపట్టింపుల గురించి మమ్మల్ని అడిగేవారు ఎప్పుడూ ఉన్నారు. గాని ఈ మధ్య ఒక ఆదివారం ఒక సహోదరుడు మమ్మల్ని ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, కారు పార్కింగుకు నాలుగున్నర లక్షలు అడుగుతున్నారు. ఇవ్వవచ్చునా?" అన్నప్పుడు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆయన కొంటున్న ఫ్లాటు ఉప్పల్ అవతల ఉన్నది. ఫ్లాటు ధరలో పార్కింగు కలిసిలేదట. ఆ డబ్బు ఆయన దగ్గర లేకపోలేదు. కూతురు వచ్చే సంవత్సరం ఇంజనీరింగులో చేరితే కట్టుదామని దాచినది. ఆయన అడుగుతున్నంతసేపూ భార్య ప్రక్కనే నిలబడి నేల చూస్తూ ఉన్నది.

ఇదేమంత పెద్ద సంగతి అని మీలో కొందరు అనుకోవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాము. కారు ఎక్కడ పెడితేనేమి, వీధి అందరిదీ గదా అన్నదే మా ఆలోచన. ఆ ఆలోచన ఎలా పోయిందో ముందుగా చెప్పవలసియున్నది. అది మా తప్పు గనుక చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది.

మేము సికింద్రాబాదులో చిలకలగూడ వైపు ఒక గల్లీలో కాపురముంటున్నాము. గల్లీ వెడల్పు 15 అడుగులు. 2017లో ఒక పాత వాగన్ఆర్ కొన్నాము. దానిని మా గేటు ప్రక్కన గోడకు ఆనించి పెట్టేవారము. ఎదురింటివారు వారి కారును వారి గోడకు ఆనించి పెట్టేవారు. నడుమ స్కూటర్లు పోయేవి, ఆటో జాగ్రత్తగా పోయేది. అంతకంటే పెద్దది ఏదీ పోదు. ఎవరూ అడగలేదు గనుక మేమూ ఆలోచించలేదు.

2019 వేసవిలో ఒక రాత్రి గల్లీ చివర ఉండే రిటైరైన టీచరు గారికి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు వచ్చి మా కారు దగ్గర ఆగిపోయింది. హారను విని మేము లేచి తాళపుచెవి వెదికేసరికి, ఆ యింటి కుఱ్ఱవాళ్లు ఆయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు పట్టుకొని మోసుకొని వచ్చేశారు. కుర్చీ మా కారు ప్రక్కనుంచే పోయింది. ఆయన బ్రతికారు. తరువాత వారం రోజులకు మేము చూడబోతే, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. టీ ఇప్పించారు. ఆ టీ త్రాగడం మాకు చాలా కష్టమైంది.

ఆ నెలలోనే వీధి మొగలో ఉన్న అపార్టుమెంటులో ఒక విధవరాలి పార్కింగును అద్దెకు తీసుకున్నాము. ఆమెకు కారు లేదు, స్టిల్టులో స్థలం మాత్రం ఉన్నది. మొదట నెలకు 1,000 రూపాయలు, ఇప్పుడు 1,500. బి.పి. మాత్రలకు, షుగరు మాత్రలకు ఆ డబ్బు సరిపోతున్నదని ఆమె ఒకసారి అన్నారు.

ఇక లెక్కకు వద్దాము. ఒక కారు పెట్టే చోటు ఇంచుమించు 8 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉంటుంది. అంటే 14 గజాలు. ఆ సహోదరుడు నాలుగున్నర లక్షలు ఇస్తే, గజం 32 వేల పైమాటే! పోనీ కొన్నాడే అనుకుందాము. అదే డబ్బు బ్యాంకులో నూటికి 7 చొప్పున వేస్తే సంవత్సరానికి 31,500 వస్తుంది, నెలకు 2,625. మేమిచ్చే అద్దె 1,500. ఈ అద్దెతో నాలుగున్నర లక్షలు ఖర్చు కావాలంటే 25 సంవత్సరాలు పడుతుంది. అద్దె పెరుగుతుంది గదా అంటారు. పెరుగుతుంది, నిజమే. గాని ఆ కారు 25 సంవత్సరాలు ఉంటుందా?

ఇంటి అప్పులో కలిపేసుకుంటే తెలియదులే అని బిల్డరు తరఫు మనిషి సలహా ఇచ్చాడట. తెలియకపోవడమేమిటి! నూటికి 8.5 వడ్డీతో 20 సంవత్సరాలకు నాలుగున్నర లక్షలు తీసుకుంటే నెలకు 3,900 పైన కట్టాలి. మొత్తం లెక్క వేస్తే సుమారు 9 లక్షల 37 వేలు. మా శ్రీమతి ఆ అంకె చూచి, కాగితం మీద దాని క్రింద రెండు గీతలు గీసి, ఏమీ అనకుండా వంటగదిలోకి వెళ్లిపోయింది.

డబ్బు కంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. వాళ్లు అమ్ముతున్నది అసలు అమ్మదగినదేనా? 2010లో సుప్రీంకోర్టు ముంబయికి చెందిన ఒక కేసులో, స్టిల్టు క్రింది పార్కింగు ఫ్లాటువంటి ఆస్తి కాదనీ, అది అందరి ఉమ్మడి స్థలమనీ, బిల్డరు దానిని విడిగా అమ్ముకోరాదనీ తీర్పు చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు. తరువాత 2016లో దేశమంతటికీ రెరా చట్టం వచ్చింది. ఆరుబయట పార్కింగు స్థలం ఉమ్మడి స్థలాలలోనిదేనని అందులో స్పష్టంగా ఉన్నది. పైకప్పు, మూడు ప్రక్కల గోడలు ఉన్నదానినే ఆ చట్టం గ్యారేజీ అంటుంది. కప్పు ఉన్న పార్కింగు మీకు ఇస్తున్నామంటే, దాని నెంబరు అగ్రిమెంటులోనూ సేల్ డీడులోనూ ఉండాలి. ఉత్త రసీదు మీద డబ్బు ఇచ్చినవారు రేపు అసోసియేషన్ వచ్చి "ఇది అందరిది" అంటే ఏ కాగితం చూపిస్తారు? మేమెరిగిన ఒక కుటుంబానికి సరిగ్గా ఇదే జరిగింది. ఒకే నెంబరును బిల్డరు ఇద్దరికి ఇచ్చాడు. రెండు కుటుంబాలూ ఇప్పటికీ లిఫ్టులో ఎదురుపడితే ముఖాలు త్రిప్పుకుంటారు.

సెల్లారులో పార్కింగు అయితే ఇంకొక జాగ్రత్త. 2020 అక్టోబరులో హైదరాబాదుకు వచ్చిన వరదను మనం మరచిపోలేదు. డబ్బు కట్టి సెల్లారులో భద్రంగా పెట్టిన కార్లే ఎన్నో నీట మునిగాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే ఉన్నవారికి పైసా రాదు. నీళ్లలో మునిగిన కారును స్టార్టు చేయవద్దని కూడా ఈ సందర్భంలో చెప్పుచున్నాము. ఇంజనులోకి నీరు పోయి, తరువాత ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది.

ఇంతకూ పార్కింగుకు డబ్బు పెట్టడమే దండుగ అని మేము చెప్పడం లేదు. అలా చెప్పితే మేము ప్రతి నెలా ఇచ్చేది ఏమిటి? మేమనేది, కొనడం వేరు, అద్దెకు తీసుకోవడం వేరు. రాత్రి డ్యూటీ ముగించుకొని ఒంటిగంటకు ఇల్లు చేరే నర్సులు ఉన్నారు. నడవలేని తల్లిదండ్రులు ఉన్నవారు ఉన్నారు. టాక్సీయే జీవనాధారమైనవారు ఉన్నారు. అట్టివారికి గేటు లోపల ఒక చోటు చాలా విలువైనది. రేపు ఫ్లాటు అమ్మవలసివస్తే పార్కింగు లేనిదాన్ని కొనేవారు తక్కువ అనేది కూడా సత్యమే. అది నమోదైన పార్కింగు అయితే ధరలో కొంత తిరిగి వస్తుంది. గాని వారానికి రెండుసార్లు కదిలే కారు కోసం కూతురి ఫీజు డబ్బు పెట్టమని మాత్రం మా నోట రాదు.

మేము ఒక నెలంతా గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టి చూశాము. మా కారు 9 సార్లు బయటికి వెళ్లింది. అంటే బయలుదేరిన ప్రతిసారీ, పెట్రోలు గాక, నిలబెట్టినందుకే 166 రూపాయలు. అందులో కొన్నిసార్లు ఆటోయే చౌక అని ఒప్పుకోవలసియున్నది. డొనాల్డ్ షూప్ అనే అమెరికా ఆచార్యుడు ఉచిత పార్కింగు ఖరీదు గురించి 2005లో పెద్ద గ్రంథమే వ్రాశారు. కారు తన జీవితంలో నూటికి 95 వంతుల కాలం నిలబడే ఉంటుందని ఆయన లెక్క. ఉచితంగా పెట్టిన కారు ఖర్చు ఎవరో ఒకరు భరిస్తూనే ఉంటారని కూడా ఆయన వాదన. ఆయన మా గల్లీని ఎన్నడూ చూడలేదు గాని, టీచరు గారి కుర్చీ మాకు జ్ఞాపకం వచ్చింది.

జపాను దేశంలోనైతే 1962 నుంచే చట్టం ఉన్నది. చాలా ప్రాంతాలలో, ఇంటికి దగ్గరలో సొంతమో అద్దెదో కారు పెట్టే చోటు ఉన్నట్లు పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే కారు రిజిస్టరు అవుతుంది. మన దగ్గర అట్టి నియమం వస్తే మా గల్లీలో ఎన్ని కార్లు మిగులుతాయో లెక్కపెట్టి చూశాము. రెండు.

ఆ సహోదరునికి చివరకు ఇంతే చెప్పాము. "తమ్ముడూ, స్థలం నెంబరును సేల్ డీడులో వ్రాస్తారా అని ముందు అడుగు. తరువాత స్వయంగా వెళ్లి, చోటు ఎక్కడుందో చూచి రా." ఆయన వెళ్లి చూచాడు. అది స్టిల్టులో కాదు, వెనుక ప్రహరీ గోడ ప్రక్కన, ఆకాశం క్రింద, సున్నంతో గీసిన ఒక గీత. సేల్ డీడులో వ్రాయడం కుదరదు, లెటరు హెడ్డు మీద వ్రాసి ఇస్తామన్నారట. ఆయన ఇవ్వలేదు. ఫ్లాటు మాత్రం తీసుకున్నాడు. మొన్న ఫోనులో, కారు లేని పై అంతస్తు పెద్దమనిషి తన చోటును నెలకు 1,200కు ఇస్తానన్నాడని చెప్పాడు. కూతురి ఫీజు డబ్బు బ్యాంకులోనే ఉన్నదని ప్రక్కనుంచి ఆయన భార్య గట్టిగా చెప్పడం మాకు వినిపించింది.

మా సంగతి మాత్రం ఇలా ఉన్నది. ఈ నెల అద్దె ఇవ్వబోతే ఆ తల్లి కొంచెం తటపటాయించి, "అయ్యగారూ, మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చేస్తున్నాడు. వాడికి కారున్నది," అన్నారు. వచ్చే నెలాఖరుకు మేము ఖాళీ చేయాలి. మూడు అపార్టుమెంట్ల వాచ్‌మెన్‌లకు చెప్పి ఉంచాము. ఎక్కడా దొరక్కపోతే కారు అమ్మేద్దామని మా శ్రీమతి అంటున్నది. దాని ధర ఎంత పలుకుతుందో కనుక్కురమ్మని నిన్ననే మెకానిక్కు దగ్గరికి పంపింది.