పుట్టించే పువ్వే... ప్రాణం తీస్తుంది!

గణితవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' కార్డుల ఆట 1993లో అమెరికాలో మొదలైంది. మామూలుగా ఇందులో ఇద్దరు ఆటగాళ్లకూ చెరో 20 ప్రాణాలుంటాయి. 2008లో వచ్చిన 'బిట్టర్‌బ్లాసమ్' కార్డు వేస్తే, వంతు వచ్చినప్పుడల్లా ఓ రెక్కల ఫేరీ పుట్టుకొస్తుంది. బదులుగా ఒక ప్రాణం పోతుంది. దీనికి 'స్పెల్‌స్టటర్ స్ప్రైట్' తోడైతే ఎదుటివాడికి చిక్కే. తనతో కలిపి ఎన్ని ఫేరీలుంటే, అంత ఖరీదు వరకూ ప్రత్యర్థి మంత్రాన్ని అది రద్దు చేసేస్తుంది. 'సయాన్ ఆఫ్ ఊనా' కూడా వచ్చిందా... ఆ చిన్న ఫేరీల బలం రెట్టింపే! అందుకే 2011లో 'మోడరన్' పోటీల నుంచి బిట్టర్‌బ్లాసమ్‌ని నిషేధించారు. 2014లో మళ్లీ అనుమతించారు. అయితే ఓ తిరకాసుంది. ఆట త్వరగా ముగించకపోతే, ఫేరీలు పుడుతూనే ఉంటాయి, ప్రాణాలు తరుగుతూనే ఉంటాయి. చివరికి కార్డు వేసినవాడే ఓడిపోవచ్చు!