సర్దుకుపోవడానికి అద్దాల పెట్టెలో చోటేది?

పుట్టినరోజనో, గృహప్రవేశమనో, మంచి మార్కులు వచ్చాయనో పిల్లలకు అక్వేరియం కొనివ్వడం మన ఇళ్లలో మామూలైపోయింది. మంచిదే. చేపల్ని చూసుకునే పిల్లలకు ఓపిక అలవడుతుంది, వేళకు ఒక పని చేయడం వస్తుంది. అయితే షాపులోకి వెళ్లాక వాళ్ల చూపు చిన్న చిన్న గప్పీల మీద ఆగదు. నారింజ మచ్చల ఆస్కార్, నుదుటి మీద పెద్ద బుడిపె ఉన్న ఫ్లవర్‌హార్న్, ఎర్రగా మెరిసే రెడ్ డెవిల్ దగ్గరే ఆగుతుంది. “ఒక్కటే అయితే దానికి బోర్ కొడుతుంది కదా నాన్నా, రెండు తీసుకుందాం” అంటారు. మనమూ సరేనంటాం.

నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. మామూలు ఫ్లాట్‌లో పట్టే ట్యాంకులో ఇలాంటి పెద్ద చేపలు రెండింటిని కలిపి పెంచకూడదు. ఒక్కటి చాలు. కలిపే పెంచాలనుకుంటే, వాటిని విడదీయడానికి రెండో ట్యాంకు సిద్ధం చేసుకున్నాకే మొదటి చేపను ఇంటికి తేవాలి. “కొన్నాళ్లు కొట్టుకుంటాయి, తర్వాత వాటికవే సర్దుకుంటాయి” అన్న మాటను నమ్ముకుని మాత్రం ఈ పని మొదలుపెట్టొద్దు.

ఇవి ఎందుకు కొట్టుకుంటాయి?

ఈ చేపలన్నీ సిక్లిడ్ అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబం మనకు కొత్తేమీ కాదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా సిక్లిడే. 2010లో కేరళ తన రాష్ట్ర చేపగా ప్రకటించిన కరిమీన్ కూడా సిక్లిడే. ఆస్కార్ పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం. రెడ్ డెవిల్‌ది నికరాగ్వా సరస్సుల ప్రాంతం. జాక్ డెంప్సీ అనే మరో సిక్లిడ్‌కైతే దాని కొట్లాట బుద్ధి చూసి అమెరికన్ బాక్సింగ్ ఛాంపియన్ పేరే పెట్టేశారు. ఫ్లవర్‌హార్న్‌కు మాత్రం సొంత నది అంటూ లేదు. 1990లలో మలేసియాలో చేపల పెంపకందారులు వేర్వేరు అమెరికా సిక్లిడ్లను కలిపి తయారుచేసిన సంకరజాతి అది. అదృష్టం పేరుతో, వాస్తు పేరుతో మన హాళ్లలోకి వచ్చింది.

వీటిని దుష్ట చేపలు అనడం అన్యాయం. చాలా చేపలు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. సిక్లిడ్లు అలా పోవు. ఆస్కార్ జంట ఒక చదునైన రాయిని శుభ్రం చేసుకుని దానిమీద గుడ్లు పెడుతుంది. తల్లీతండ్రీ రెండూ కాపలా కాస్తాయి. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక కూడా వెన్నంటే ఉంటాయి. కాపలా కాయాలంటే ఒక జాగా కావాలి, ఆ జాగాలోకి వచ్చినదాన్ని తరిమేయాలి. అంటే వీటి కోపం వెనక ఉన్నది పిల్లల్ని కాపాడుకోవాలన్న తాపత్రయమే. తల్లిదండ్రులుగా మనకది తెలియనిది కాదు.

నదిలో ఈ ఏర్పాటు బాగానే నడుస్తుంది. ఓడిన చేప పారిపోతుంది. హద్దు దాటాక గెలిచిన చేప వెంటాడటం మానేస్తుంది. గొడవ అక్కడితో సరి. నాలుగడుగుల ట్యాంకులో ఓడిన చేప ఎంత దూరం పారిపోయినా, అది ఇంకా గెలిచినదాని ఇంట్లోనే ఉంటుంది. గెలిచినదానికి గొడవ ముగిసిందన్న సంగతి తెలిసే దారి లేదు. అందుకే దెబ్బలు ఆగవు.

1973లో నోబెల్ బహుమతి అందుకున్న జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ మన దేశపు నారింజ రంగు సిక్లిడ్ గురించి రాశారు. తరమడానికి ట్యాంకులో వేరే చేప లేకపోతే మగచేప తన జంట మీదే పడేదట. మధ్యలో అద్దం పెట్టి అవతల మరో జంటను ఉంచితే, కోపమంతా అద్దం వైపు మళ్లి ఇవతలి కాపురం నిలబడేదట. దీనికి ఆయన చెప్పిన కారణాలను తర్వాతి శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. కానీ పెంపకందారులకు ఇది నిత్యం ఎదురయ్యే సంగతే. జంట కుదిరింది కదా అని కూడా నిశ్చింతగా ఉండలేం.

మనం చెప్పుకునే సమాధానాలు

“షాపులో పది చేపలు కలిసే ఉన్నాయి కదా” అంటారు. అవి రెండంగుళాల పిల్లలు. జాగా కోసం పోట్లాడే వయసు ఇంకా రాలేదు. పైగా కిక్కిరిసిన ట్యాంకులో ఏ ఒక్కదానికీ సొంత జాగా దక్కదు, పొడుపులు పదింటి మధ్యా పంచుకుపోతాయి. అక్కడ ఉండేది కూడా అమ్ముడుపోయేదాకా కొన్ని రోజులే.

“చిన్నప్పటినుంచి కలిసి పెరిగితే అలవాటు పడతాయి” అంటారు. ఏడాదిపాటు ఒకదాని పక్కన ఒకటి తిరిగిన చేపలు కూడా, జత కట్టే వయసు రాగానే ఒక్క రాత్రిలో శత్రువులైపోవచ్చు.

“వీడియోల్లో ఐదారు పెద్ద చేపల్ని కలిపి పెంచుతున్నారు కదా” అంటారు. నిజమే, అలా పెంచేవాళ్లున్నారు. వాళ్లేం చేస్తారో కూడా చూడాలి. ఆరు, ఎనిమిది అడుగుల ట్యాంకు పెడతారు. ఒకదానికొకటి కనబడకుండా పెద్ద రాళ్లు, దుంగలు అమరుస్తారు. కొత్త చేపను వదిలే రోజు ఆ రాళ్లన్నీ స్థానాలు మార్చి పాత హద్దుల్ని చెరిపేస్తారు. మధ్యలో దించడానికి అడ్డుపలక, పక్కన నీళ్లు నింపిన ఖాళీ ట్యాంకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఇన్ని చేసినా ఒక్కోసారి విడదీయక తప్పదు. వీడియోలో మనకు కనిపించేది కలిసి ఈదుతున్న చేపలే. ఖాళీ ట్యాంకు కనిపించదు.

పిల్లలతోనే లెక్క వేయించండి

ఒక ఘనపు అడుగులో సుమారు 28.3 లీటర్ల నీళ్లు పడతాయి. షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే 2 × 1 × 1 అడుగుల ట్యాంకులో పట్టేది 57 లీటర్లు. 4 × 1.5 × 1.5 అడుగుల ట్యాంకులో 255 లీటర్లు. ఒక్క ఆస్కార్‌కు కనీసం కావలసింది ఇదీ. రెండంగుళాల పిల్ల సరైన తిండి దొరికితే ఏడాదిలోనే 20 నుంచి 25 సెంటీమీటర్లు అవుతుంది. పూర్తిగా ఎదిగితే 30 సెంటీమీటర్లు దాటుతుంది. ఒక అడుగు వెడల్పు ట్యాంకులో అది తిరగడానికే చోటుండదు.

రెండింటికి 6 × 2 × 2 అడుగుల ట్యాంకు అనుకుంటే 680 లీటర్లు. నీళ్ల బరువే 680 కిలోలు. అంటే పదకొండు మంది పెద్దవాళ్లు పగలూ రాత్రీ ఒకే మూల నిలబడినట్టు. అద్దం, రాళ్లు, స్టాండు బరువు వేరే. అంత బరువును నచ్చిన చోట పెట్టే ముందు ఇంజినీరును అడగాలి.

ఇక నీళ్ల సంగతి. పెద్ద చేప ఎక్కువ తింటుంది, దాని వ్యర్థంతో నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. అది చేపకు విషం. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ట్యాంకు, చేపలు ఒకే రోజు కొనకూడదు. ఆ తర్వాత కూడా వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చాలి. 255 లీటర్లలో నాలుగో వంతంటే 60 లీటర్ల పైమాటే. ప్రతి వారం నాలుగు బకెట్లు. క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్లు. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే కాలనీల్లో ఇది చిన్న విషయం కాదు.

ఆస్కార్ పదేళ్లకు పైగా బతుకుతుంది. ఆరో తరగతిలో కొన్న చేప, మీ అబ్బాయి ఇంజినీరింగ్ ముగించేనాటికీ ఉండొచ్చు. వాడు హాస్టల్‌కు వెళ్లాక బకెట్లు మోసేదెవరో ఇప్పుడే అనుకోవాలి.

చెరువులో వదిలితే పుణ్యం కాదు

దెబ్బలు తిన్న చేపను ఏం చేయాలో తోచక చాలామంది దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. స్వేచ్ఛ ఇచ్చామనుకుంటారు. పైనుంచి వచ్చిన చేప అక్కడి పిల్లచేపల్ని తింటుంది, జాగాలు ఆక్రమిస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా కాలువల్లో ఆస్కార్లు ఇలాగే స్థిరపడ్డాయి. మన దగ్గరే ఉదాహరణ ఉంది. అక్వేరియంలో పాచి తింటుందని కొనే సక్కర్ చేప ఇప్పుడు మన చెరువుల్లో, నదుల్లో చేరి జాలర్ల వలలు చింపుతోంది. తూర్పు కనుమల జలాశయాల్లో దాని విస్తరణను హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో దొరికే డీఎన్ఏ ఆధారంగా గుర్తించారు. పెంచలేమనుకున్న చేపను తిరిగి షాపుకో, పెద్ద ట్యాంకున్నవాళ్లకో ఇవ్వాలి. చెరువు దారి పట్టించకూడదు.

పిల్లలు చూస్తున్నారు

ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సుకు చెందిన ఒక చిన్న సిక్లిడ్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2007లో నేచర్ పత్రికలో వచ్చింది. ఐదు చేపల మధ్య ఇద్దరిద్దరికి జరిగిన పోట్లాటల్ని మరో చేపకు పక్కనుంచి చూపించారు. తర్వాత, అది ఎప్పుడూ కలబడగా చూడని రెండింటిని దాని ముందు ఉంచారు. అయినా వాటిలో ఏది బలహీనమైనదో అది పోల్చుకుంది, మొదట దాని వైపే వెళ్లింది. ఒక్క దెబ్బ తినకుండా, ఊరికే చూసి నేర్చుకుంది.

చేపే చూసి ఇంత నేర్చుకుంటే, ఆ ట్యాంకు ముందు కూర్చుని హోంవర్క్ చేసుకునే మన పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఒక చేప తోక చినిగి మూల నక్కి ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లు “వాటికవే సర్దుకుంటాయిలే” అంటూ టిఫిన్ చేస్తుంటే, వాళ్లకు అందే పాఠం చేపల గురించే కాదు. బలహీనుడి బాధ చూసి ఊరుకోవచ్చన్నది కూడా వాళ్లకు అందుతుంది. రేపు తరగతిలో ఒకణ్ణి నలుగురు ఏడిపిస్తుంటే చూసిన పిల్లాడు టీచర్‌కు చెబుతాడా, ఊరుకుంటాడా అన్నది ఇలాంటి చిన్న చిన్న చోట్లే తేలుతుంది. బతికున్న గోల్డ్‌ఫిష్‌ను ఆస్కార్‌కు వేసి తమాషా చూపించడమూ ఇలాంటిదే. దాని వల్ల పెద్ద చేపకు రోగాలు అంటే ప్రమాదం ఎక్కువ. మంచి గుళికల తిండే చాలు.

కాబట్టి కొనే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ చేప పూర్తిగా ఎదిగితే మన ట్యాంకు సరిపోతుందా? గొడవపడితే ఈ రోజే విడదీయడానికి మన దగ్గర ఏముంది? పదేళ్లు నీళ్లు మార్చేదెవరు? మూడింటికీ జవాబులుంటే ఒక ఆస్కార్‌ను తెచ్చుకోండి. అది ఒంటరిగా బెంగపెట్టుకోదు. తిండి పెట్టే మనిషిని చూసి అద్దం దగ్గరకు పరుగున వస్తుంది. జవాబులు లేకపోతే, ఫిల్టర్ ఉన్న రెండడుగుల ట్యాంకులో అరడజను జీబ్రా డానియోలు వేసుకోండి. మన దేశపు చేపలే, గుంపుగా హాయిగా తిరుగుతాయి.

ఇప్పటికే రెండు పెద్ద చేపలున్నవాళ్లు ఈ సాయంత్రం పిల్లలతో కలిసి ట్యాంకు ముందు పది నిమిషాలు కూర్చోండి. ఒకటి రెక్కలు ముడుచుకుని హీటర్ వెనకో, పైమూలనో నిలబడిపోయిందా? రంగు నల్లబడిందా? తిండికి రావడం లేదా? తోక చినిగిందా? వీటిలో రెండు కనిపించినా ఆదివారం దాకా ఆగొద్దు. ఇవాళే వేరు చేయండి. పక్కన బకెట్ పట్టుకుని నిలబడే పని మీ పిల్లలకే ఇవ్వండి.